అడవికి ఒక రోజు విడిగా



మన సీమలో ఒక్కరోజు ప్రయాణం ఎట్లా ఉంటుందో మీకు తెలియంది కాదు. కోడి కూయకముందే జీపో టెంపోనో మాట్లాడుకుని బయల్దేరతాం. పొద్దున మహానంది కోనేట్లో స్నానం, మధ్యాహ్నానికి అహోబిలం, సాయంత్రానికి యాగంటి. ఇంత దూరం ఎట్లాగూ వచ్చినాం గదా అని దారిలో మరొకటి. గుళ్లకు ఈ పద్ధతి బాగానే నడుస్తుంది. తలుపులు తెరిచే వేళ తెలుసుకుని పోతే దర్శనం దొరుకుతుంది.

ఈ మధ్య ఇదే జాబితాలోకి అడవి సఫారీ కూడా వచ్చి చేరింది. శ్రీశైలం దర్శనం, భోజనం ముగించుకుని, మధ్యాహ్నం రెండు గంటల ఎండలో సఫారీ బండి ఎక్కుతున్నారు. గంటసేపు తిరిగి నాలుగు కోతుల్ని, ఒక నెమలిని చూసి, అక్కడ ఏమీ లేదని ఇంటికొచ్చి చెబుతున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. నల్లమలలో ఏమీ లేకపోవడం కాదు, మనం పోయిన వేళ తప్పు. అడవికి ఒక రోజు విడిగా పెట్టుకోవాలని చెప్పడానికే ఈ ప్రసంగం. ఆ రోజును ఎట్లా అమర్చుకోవాలో కాసేపు మాట్లాడుకుందాం.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. సఫారీ అనే పేరుతో రెండు వేరువేరు అనుభవాలు ఉన్నాయి. ఒకటి కంచె వేసిన సఫారీ పార్కు. 1966లో ఇంగ్లండులోని లాంగ్‌లీట్ అనే జమీందారీ ఎస్టేటులో సింహాలను విశాలమైన ఆవరణలో వదిలి, జనం తమ కార్ల అద్దాలు బిగించుకుని వాటి మధ్యగా నడుపుకుంటూ పోయే ఏర్పాటు చేశారు. ఆఫ్రికా బయట అటువంటి పార్కు అదే మొదటిదని చెబుతారు. మన దగ్గర హైదరాబాదు నెహ్రూ జూలో 1974లో లయన్ సఫారీ వచ్చింది. అయితే ఇక్కడ సొంత కారు లోపలికి పంపరు, జూ వాళ్ల వాహనంలోనే కూర్చోవాలి. మన జిల్లాలకు దగ్గరలో ఇట్లాంటిది తిరుపతిలో ఉంది. శేషాచలం కొండల కింద 1987లో మొదలైన శ్రీవేంకటేశ్వర జూ విస్తీర్ణం 5,500 ఎకరాల పైమాటే. అక్కడ సింహాల సఫారీ ఉంది. చిన్నపిల్లలున్న ఇంటికి, నడవలేని పెద్దవాళ్లున్న ఇంటికి ఇది సరైన చోటు. పిల్లవాడికి సింహం చూపిస్తానని మాట ఇస్తే, ఆ మాట నిలబెట్టుకోగలిగేది అక్కడే. ఎందుకంటే సింహం మన అడవుల జంతువు కాదు. మన దేశంలో అది సహజంగా బతికేది గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలో మాత్రమే.

రెండోది నిజమైన అడవిలో సఫారీ. దానికి మన పక్కనే నల్లమల ఉంది. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిని 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ అభయారణ్యం అయింది. అట్లా విడిపోయిన తర్వాత కూడా మన వైపు మిగిలిందే దేశంలోని పులుల అభయారణ్యాలన్నింటిలోకీ పెద్దది. చుట్టూ ఉన్న బఫర్ ప్రాంతంతో కలిపి 3,000 చదరపు కిలోమీటర్లకు మించి ఉంటుంది. కంచె లేదు, ఆవరణ లేదు. అక్కడి జంతువు మనకోసం ఎదురుచూడదు. సఫారీ బండి పోతున్న దారి దాని ఇంట్లోది.

ఈ రెండు చోట్లకూ ఉన్న సంబంధం ఒకటి చెబుతాను. 2023 మార్చిలో ఆత్మకూరు అటవీ ప్రాంతానికి ఆనుకుని ఉన్న పెద్దగుమ్మడాపురం ఊళ్లో నాలుగు పులికూనలు దొరికాయి. చాలామందికి గుర్తుండే ఉంటుంది. తల్లిపులి దగ్గరికి చేర్చాలని అటవీశాఖ వాళ్లు రాత్రింబవళ్లు వెతికారు. అడుగుజాడలు చూశారు, కెమెరాలు పెట్టారు. కుదరలేదు. చివరికి ఆ కూనలను తిరుపతి జూకు తరలించారు. నల్లమలలో పుట్టిన పులి మనిషి చేతుల మీద పెరగాల్సి రావడం ఏమిటో ఆ నాలుగింటి కథ తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. జూకు పోయినప్పుడు మీ పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

ఇక దారి. కర్నూలు వాళ్లకు నల్లమల దగ్గర. నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు సుమారు 70 కిలోమీటర్లు. ఆత్మకూరు దాటి దోర్నాల రోడ్డులో అడవిలోకి పోతే బైర్లూటి వస్తుంది. అక్కడ అటవీశాఖ నడిపే జంగిల్ క్యాంపు, సఫారీ ఉన్నాయి. ఇంకా ముందుకు పోయి దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కితే తుమ్మలబైలు దగ్గర మరో సఫారీ ఉంది. కడప వాళ్లకు మైదుకూరు, ఆళ్లగడ్డ మీదుగా నంద్యాల చేరి, గిద్దలూరు రోడ్డు పట్టుకుంటే పచ్చర్ల క్యాంపు వస్తుంది.  కడప నుంచి నంద్యాలకూ, రాజంపేట, కోడూరు మీదుగా తిరుపతికీ దూరం ఇంచుమించు ఒకటే. కాబట్టి కడప వాళ్లు దూరం చూసి కాదు, ఎవరెవరు వస్తున్నారో చూసి చోటు తేల్చుకోవాలి. అయిదేళ్ల పిల్లలుంటే తిరుపతి. పదేళ్లు దాటి, రెండు గంటలు మాట్లాడకుండా కూర్చోగలిగే పిల్లలుంటే నల్లమల. ఇది నా సలహా. రెండూ ఒకే రోజులో మాత్రం పెట్టుకోకండి.

కాలం విషయంలోనే మనవాళ్లు ఎక్కువ పొరబడతారు. బడికి సెలవులు వేసవిలో వస్తాయి కాబట్టి ప్రయాణాలూ వేసవిలోనే. నంద్యాల ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే నేల అది. నిజానికి వేసవిలో జంతువులు కనపడే అవకాశం ఎక్కువే. ఆకు రాలిపోయి అడవి లోపలిదాకా కనపడుతుంది. వాగులు ఎండిపోయి, నీళ్లున్న కొన్ని చోట్లకే అన్ని జంతువులూ రావాలి. అటవీశాఖ వాళ్లు అడవిలో సాసర్ పిట్లు కట్టించి ఉంచుతారు. పళ్లెం ఆకారంలో నేలకు సమంగా ఉండే సిమెంటు తొట్లు అవి. ఎండాకాలం వాటిని ట్యాంకర్లతో నింపుతారు, కొన్నిచోట్ల సోలార్ మోటార్లు పెట్టారు. ఆ తొట్ల దగ్గర కాచుకుంటే దుప్పి నుంచి ఎలుగుబంటి దాకా వస్తాయి. కానీ ఆ ఎండకు పసిపిల్లలనూ ముసలివాళ్లనూ తట్టుకోమనడం న్యాయం కాదు.

వానాకాలంలో, మామూలుగా జూలై నుంచి సెప్టెంబరు దాకా, సఫారీలు ఆపేస్తారు. అది జంతువులు జతకట్టి పిల్లలను పెట్టే కాలమని, దారులు బురదై బండ్లు దిగబడతాయని. అప్పుడు గేటు మూసి ఉందని అక్కడి సిబ్బందితో వాదించడం అనవసరం. అక్టోబరులో తెరిచాక అడవి నిండు పచ్చగా ఉంటుంది. కళ్లకు హాయి, కానీ పది అడుగుల లోపల దుప్పి నిలబడినా కనపడదు. కుటుంబంతో పోయేవాళ్లకు డిసెంబరు సగం నుంచి ఫిబ్రవరి దాకా మంచిదంటాను. జంతువులే ముఖ్యమనుకునే కుర్రకారు మార్చి మొదటి వారాలు చూసుకోవచ్చు. అయితే ఒక జాగ్రత్త. మహాశివరాత్రికి ముందు ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దారిలో వేలమంది శ్రీశైలానికి నడిచిపోతారు. ఉగాదికి కర్ణాటక భక్తులు అట్లాగే వస్తారు. ఆ రోజుల్లో అడవి దారులన్నీ జనంతో, బండ్లతో నిండిపోతాయి. అది భక్తుల కాలం, సఫారీ కాలం కాదు.

వేళ గురించి చెప్పాల్సింది ఇంకా ఉంది. పులి పగలు ఎక్కువసేపు నీడలో పడుకుంటుంది. తిరిగేది చీకటి పడే వేళ, రాత్రి, తెల్లవారుజాము. దుప్పులు, కణుతులు మేతకు వచ్చేది కూడా చల్లని పూటే. అందుకే రోజులో మొదటి సఫారీ దొరికించుకోవడానికి ప్రయత్నించండి. కుదరకపోతే చివరిది. కర్నూలు నుంచి పొద్దున్నే అందుకోవాలంటే నాలుగు గంటలకే బండి కదలాలి. అడవి దారుల్లో రాత్రిపూట రాకపోకల మీద ఆంక్షలుంటాయి కాబట్టి, ఏ చెక్‌పోస్టు ఎప్పుడు తెరుస్తారో ముందురోజే ఫోనులో కనుక్కోండి. అంత పొద్దున్నే లేవలేమనుకుంటే ముందురోజు సాయంత్రానికి ఆత్మకూరులోనో నంద్యాలలోనో బస చేయవచ్చు. క్యాంపుల్లో గదులు, గుడారాలు కూడా ఉన్నాయి, ముందుగా బుక్ చేసుకోవాలి. సఫారీ సీట్లు కూడా అంతే. ఆదివారం నేరుగా గేటు దగ్గరికి పోయి అడిగితే దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. జూకు పోయేవాళ్లు వారపు సెలవు ఏ రోజో అడిగి బయల్దేరండి.

బండిలో కూర్చున్నాక ఏం చూడాలి? అందరూ పులి కోసం పొదల్లోకి చూస్తారు. నేనైతే ముందు దారి మీది మట్టిని చూడమంటాను. పులి మెత్తటి బండి బాట మీద నడవడానికి ఇష్టపడుతుంది. పొద్దున్నే పోతే, వేరే బండి తిరగకముందు, రాత్రి నడిచిన జంతువుల జాడలన్నీ ఆ దుమ్ములో ఉంటాయి. పులి అడుగు గుండ్రంగా, పెద్దగా ఉంటుంది, గోరు గుర్తు పడదు. అడవికుక్కల జాడలో గోళ్లు కనపడతాయి. ఒకప్పుడు ఈ జాడలను అచ్చు తీసే పులులను లెక్కపెట్టేవారు. ఇప్పుడు చెట్లకు కెమెరాలు కట్టి, ఒంటి మీది చారలను బట్టి ఒక్కొక్క పులినీ గుర్తుపడుతున్నారు. మన వేలిముద్రల మాదిరే ఏ రెండు పులుల చారలూ ఒకటిగా ఉండవు.

తర్వాత చెవులు పెట్టి వినండి. చెట్టు మీద కొండముచ్చులు, కింద దుప్పుల మంద చాలాసార్లు కలిసే ఉంటాయి. పైనుంచి కొండముచ్చులు రాల్చిన ఆకులు, కాయలు దుప్పులు తింటాయి. పైన కూర్చున్న కొండముచ్చు దూరం నుంచే చిరుతనో పులినో చూసి దగ్గినట్టు అరుస్తుంది. కింద దుప్పి సన్నగా, పదునుగా కూత వేస్తుంది. కణితి గట్టిగా ఒక్కసారి మోగుతుంది. అవి ఆగకుండా అరుస్తున్నాయంటే దగ్గరలో ఏదో ఉన్నట్టే. అప్పుడు డ్రైవరు ఇంజను ఆపేస్తాడు. ఆ నిమిషాల్లో బండిలో ఎవరూ మాట్లాడకూడదు. ఫోన్లు మూగపెట్టండి. వీడియో తీస్తూ వ్యాఖ్యానం చెప్పే అలవాటు ఆ కాసేపు మానుకోండి. పులి కనపడకపోవచ్చు. చాలామందికి కనపడదు. కానీ అది అక్కడే ఉందని అడవి అంతా చెబుతుంటే వినడం చిన్న సంగతి కాదు.

దారికి అటూ ఇటూ ఉన్న చెట్లను గైడును అడిగి తెలుసుకోండి. నల్లమద్ది, తెల్లమద్ది, తునికి, ఏగిస, చిరుమాను, వెదురు పొదలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలితే వాటికోసం ఎలుగుబంట్లు వస్తాయి. ఈ సంగతులు బాగా చెప్పగలిగినవాళ్లు చెంచులు. క్యాంపుల్లోనూ, అడవి కాపలా బేస్ క్యాంపుల్లోనూ చెంచు యువకులు చాలామంది పనిచేస్తున్నారు. పులి జాడ పట్టడంలో, వేటగాడి ఉచ్చును గుర్తుపట్టడంలో వాళ్లకున్న చూపు పుస్తకం చదివితే వచ్చేది కాదు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని, స్వామి వాళ్లకు అల్లుడని మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. అటువంటి మనిషి మీ బండిలో ముందు సీట్లో ఉంటే, ‘ఏయ్, పులి ఎక్కడ?’ అని పిలవకండి. ‘అన్నా’ అని పిలిచి ప్రశ్న అడగండి. తెలిసింది చెప్పడానికి వాళ్లు వెనకాడరు. మీరు ఎంత ఓపికగా వింటే అంత చెబుతారు. చెంచు గూడేల దగ్గర బండి ఆపి, అడగకుండా ఆడవాళ్లనూ పిల్లలనూ ఫోటోలు తీయడం మాత్రం పూర్తిగా మానుకోవాలి.

తిండి గురించి ఒక మాట. అడవి లోపల హోటళ్లుండవు, ఉండకూడదు కూడా. సీమ ఇళ్లల్లో ప్రయాణానికి పనికొచ్చే తిండికి కొదవ లేదు. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, చిత్రాన్నం, ఉడకబెట్టిన చెనిక్కాయలు ఉంటే సాయంత్రం దాకా ఢోకా లేదు. నీళ్లు మాత్రం మనిషికి మూడు లీటర్లకు తగ్గకుండా, స్టీలు సీసాల్లోనో క్యానులోనో పట్టుకుపోండి. ఉగ్గాని, బజ్జీ తినాలనిపిస్తే పోయే దారిలో నందికొట్కూరులోనో ఆత్మకూరులోనో తినేసి పోవచ్చు. ప్లాస్టిక్ సంచులు అడవిలోకి తీసుకుపోకండి. ఉప్పు, నూనె అంటిన సంచిని దుప్పి సంచితో సహా మింగేస్తుంది. అది కడుపులో చేరితే బయటికి రాదు.

కోతుల సంగతి దీనికంటే పెద్దది. శ్రీశైలం ఘాటులో కార్లు ఆపి కోతులకు బిస్కెట్లు, అరటిపండ్లు వేయడం పుణ్యమని చాలామంది నమ్ముతారు. వాళ్ల మనసు మంచిదే, కాదనను. దాని ఫలితం వేరుగా ఉంటుంది. తిండి దొరుకుతుందని కోతి మందలు అడవి వదిలి రోడ్డు మీదే కాపురం పెడతాయి. మలుపు తిరిగి వచ్చే లారీ కింద తల్లీ పిల్లా కలిసి పడిపోతాయి. రోడ్డు మీద పడ్డ తిండికోసం, చచ్చిన జంతువుల కోసం వేరే జంతువులు వస్తాయి, అవీ పడిపోతాయి. చేతిలో సంచి చూస్తే లాక్కునే అలవాటు కోతులకు నేర్పింది కూడా మనమే. దయచేసి బండి అద్దాలు ఎత్తి, మెల్లగా నడుపుతూ, ఆపకుండా పొండి. హారన్ మలుపుల దగ్గర ఎంత అవసరమో అంతే కొట్టండి. బీడీ, సిగరెట్ తాగేవాళ్లు అడవి దాటేదాకా ఆగండి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండుటాకు మీద పడే చిన్న నిప్పు ఎకరాలకు ఎకరాలు తినేస్తుంది.

జూకు పోయేవాళ్లకు కూడా ఒక హెచ్చరిక. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో ఒక సందర్శకుడు సింహం ఆవరణలోకి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. కంచె సింహం దాటకుండా కట్టింది, మనిషి దాటకుండా కూడా కట్టింది. చంటిపిల్లలను కంచెల మీద కూర్చోబెట్టి ఫోటోలు తీసే తల్లిదండ్రులు నాకు ప్రతి జూలోనూ కనపడుతున్నారు. వాళ్ల చేతులు పట్టుకుని దింపమని అడగాలనిపిస్తుంది.

ఇప్పటిదాకా అడవి గురించే చెప్పాను. కర్నూలు, నంద్యాల వాళ్లు మరిచిపోతున్న ఇంకో చోటు ఉంది. అదే రోళ్లపాడు. మిడుతూరు మండలంలో, నందికొట్కూరుకు దగ్గరలో, 614 హెక్టార్ల గడ్డి మైదానం. 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. బట్టమేక పక్షి కోసం అది పుట్టింది. మీటరు ఎత్తు నిలబడే పక్షి అది, ఎగరగలిగిన పక్షుల్లో అతి బరువైన వాటిలో ఒకటి. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు ఇక్కడే మకాం పెట్టి దాని బతుకును చదివారు. అప్పట్లో చుట్టూ కొర్ర, జొన్న వంటి మెట్టపంటలు ఉండేవి. పక్షి ఆ చేలల్లోనే మేసేది. తర్వాత దగ్గర్లో అలగనూరు జలాశయం వచ్చింది, సాగునీరు వచ్చింది, పంటలు మారాయి. రైతుకు నీళ్లు రావద్దని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ ఆ మార్పులో బట్టమేకకు చోటు మిగలలేదు. ఇప్పుడు ఈ పక్షులు దేశం మొత్తం మీద 150 లోపే ఉన్నాయని అంచనా, వాటిలో చాలావరకు రాజస్థాన్‌లో ఉన్నాయి. రోళ్లపాడులో అవి కనపడి ఏళ్లవుతోంది.

అయినా రోళ్లపాడు ఖాళీ కాలేదు. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక అక్కడ మందలుగా ఉంది. నల్లటి మగజింక మెలితిరిగిన కొమ్ములతో గెంతుతూ పోతుంటే చూడటానికి పులి సఫారీ అంత ఖర్చూ పెట్టనక్కర్లేదు, అంత ఎదురుచూపూ అక్కర్లేదు. తోడేళ్లు, గుంటనక్కలు ఉన్నాయి. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వలస వచ్చే పిల్లిగద్దలు సాయంత్రం గడ్డి మీద తక్కువ ఎత్తులో తేలుతూ తిరుగుతాయి. ఈ జింకలు పక్క చేలల్లో పడి పంట తింటాయి, రైతులు రాత్రుళ్లు కావలి ఉంటారు. పోయినవాళ్లు ఆ రైతులతోనూ రెండు మాటలు మాట్లాడి రండి. వాళ్లు ఓర్చుకుంటున్నందువల్లే ఆ జింకలు అక్కడ ఉన్నాయి.

కడప శ్రోతలకు ఇట్లాంటిదే ఇంకొకటి సొంతం. కలివికోడి, 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందనుకున్న పక్షి, 1986 జనవరిలో సిద్దవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్లీ దొరికింది. దాన్ని చూపించింది అక్కడి ఒక వేటగాడే. ఆ పక్షి కోసం లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. కలివికోడి రాత్రిపూట తిరిగే పక్షి. దాన్ని చూడటానికి సఫారీలు లేవు, పెట్టకూడదు కూడా. మీ జిల్లాలో ఉందని తెలుసుకుని, ఆ ముళ్లపొదల నేలను చదును చేయకుండా కాపాడితే చాలు.

ఇక మన బడుల ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. ఏటా డిసెంబరులో పిల్లలను విజ్ఞానయాత్రల పేరుతో హైదరాబాదుకు, బెంగళూరుకు తీసుకుపోతున్నారు. ఈ ఏడు ఒక తరగతినైనా రోళ్లపాడుకు తీసుకుపొండి. అటవీశాఖ రేంజి ఆఫీసుకు ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. పిల్లలకు ముదురు రంగు చొక్కాలు వేయించండి, తలా ఒక టోపీ, ఒక నీళ్ల సీసా, ఒక నోటు పుస్తకం ఇప్పించండి. పొద్దున ఏడు గంటలకల్లా గేటు దగ్గర ఉండండి.